మా అమ్మ చూసిన చీమలు

పదో తరగతికి శ్వాసక్రియ పాఠం మొదలుపెట్టే రోజున నేను బడికి ఒక గ్లూకోజు పొట్లం తీసుకుపోయేవాణ్ణి. ఒక్కొక్కరి అరచేతిలో చిటికెడు పోసి నాలుక మీద వేసుకోమనేవాణ్ణి. నోట్లో చల్లగా కరుగుతుంది కదా, ఆ చల్లదనం పోకముందే పాఠం అందుకునేవాణ్ణి.

"ఇప్పుడు మీరు మింగింది కాసేపట్లో రక్తంలోకి పోతుంది. రక్తంలోంచి కణంలోకి పోతుంది. కణంలో ముందు ఆ గ్లూకోజు అణువు నడిమికి విరిగి రెండు ముక్కలవుతుంది. ఆ ముక్కలు మైటోకాండ్రియాలోకి పోయి, మీరు పీల్చిన ఆక్సిజన్ సాయంతో మెల్లగా మండుతాయి. పొయ్యిలో కట్టెలాగా భగ్గున కాదు, మెట్టు మెట్టుగా. అందుకే మీరు కాలిపోకుండా ఈ బెంచీల మీద కూర్చోగలిగారు. మీరు నవ్వినా, పక్కవాణ్ణి గిల్లినా ఆ మంట పుణ్యమే."

అనడమే ఆలస్యం, ఒకరినొకరు గిల్లుకునేవాళ్లు. మైటోకాండ్రియాకు పుస్తకంలో కణశక్త్యాగారాలు అని పేరు. ఆ పేరు పలకడానికే పిల్లల శక్తి సగం ఖర్చవుతుందని నేను జోకు వేసేవాణ్ణి. పన్నెండేళ్లు అదే పొట్లం, అదే జోకు. నాకు ఆ పాఠమంటే గర్వంగా ఉండేది. "రక్తంలోంచి కణంలోకి పోతుంది" అనే మాట దగ్గర మాత్రం పన్నెండేళ్లలో ఒక్కసారి కూడా ఆగి ఆలోచించలేదు. ఎలా పోతుంది, ఎవరు పోనిస్తారు అని ఏ పిల్లా అడగలేదు, నన్ను నేనూ అడగలేదు.

నేను మదనపల్లెలో ఉంటాను. నేను పాఠాలు చెప్పే హైస్కూలు పుంగనూరు పోయే దారిలో ఉంది. మా అమ్మ పుంగనూరు పక్కన ఒక పల్లెలో ఆవులు పెట్టుకుని పాలు పోస్తుంది. మా ఇంటికి వచ్చి ఉండమంటే, "పట్నంలో ఆవుల్ని యాడ కట్టేస్తావురా, నీ టీవీ పక్కనా?" అంటుంది. తప్పులు పట్టడం నాకు ఉద్యోగమే కాదు, గుణం కూడా. అంగడి బోర్డుల మీద తప్పులు, పెండ్లి పత్రికల్లో తప్పులు, అన్నిటికన్నా ఎక్కువగా మా అమ్మ మాటల్లో తప్పులు. ఆమె బడి మొహం చూడలేదు. కాలేజీలో చేరిన ఏడాది నుంచి ఆమె ఏం చెప్పినా "దానికి సైన్సులో కారణం వేరే ఉందిలే" అనడం నాకు అలవాటైంది. ఆమె నవ్వి ఊరుకునేది. ఆ నవ్వును నేను గెలుపు అనుకునేవాణ్ణి.

ఐదేండ్ల కిందట, చలి మొదలయ్యే రోజుల్లో, మా పాపకు పదేండ్లు. ఒక్కతే కూతురు. ఉన్నట్టుండి నీళ్లు ఎక్కువ తాగడం మొదలుపెట్టింది. బడికి ఒక సీసా పట్టుకుపోయే పిల్ల రెండు పట్టుకుపోయేది, రెండూ ఖాళీగా తెచ్చేది. పక్క మీద నుంచి లేచి లేచి బాత్రూంకు పోయేది. మొహం చిక్కింది, జడ పలచబడింది. నా భార్య ప్రైవేటు బడిలో లెక్కల టీచరు, అంకెలు తప్ప దేన్నీ తొందరగా నమ్మదు. ఆమే ఒకరోజు అంది, "పాప గౌను వదులైపోయిందండీ. ఎవరికైనా చూపిద్దాం." నేను "ఎదిగే పిల్ల, పొడుగు సాగుతాంది, సన్నబడదా?" అన్నాను. నీరసంగా ఉందంటే దానికీ నా దగ్గర మందుంది. ఆ ఏడాది పాఠం చెప్పగా మిగిలిన గ్లూకోజు పొట్లం అలమరలో ఉంది. సాయంత్రం బడి నుంచి రాగానే పెద్ద గ్లాసులో రెండు చెంచాలు కలిపి ఇచ్చేవాణ్ణి. గటగటా తాగేది. ఇంకా దాహమంటే ఇంకో గ్లాసు కలిపేవాణ్ణి.

వేరే ఎవరూ ఇవ్వలేదు. నేనే ఇచ్చాను, నా చేత్తో, ప్రేమగా, చెంచాతో బాగా కలిపి మరీ.

ఆ శుక్రవారం పాపను బడి దగ్గర స్కూటరు ఎక్కించుకున్నాను. వెనక కూర్చుని నా భుజం మీద గడ్డం ఆనించింది. మాగిన జామపండు వాసన. ఆ బడి గేటు ముందర ఒకామె గంపలో జామకాయలు పెట్టుకుని కూర్చుంటుంది. వాటి మీద ఈగలు మూగడం నేను రోజూ చూసేవాణ్ణి, కొనుక్కోవద్దని పాపకు వంద సార్లు చెప్పాను.

"ఏం తిన్నావు?"

"ఏమీ తినలేదు నాన్నా."

"జామపండు వాసన గుప్పుమంటాంది. ఏమీ తినలేదంటావు."

"నిజంగా తినలేదు నాన్నా. అమ్మ తోడు."

స్కూటరు రోడ్డు పక్కన ఆపాను. నోరు తెరవమని, దగ్గరికి వంగి వాసన చూశాను. అదే వాసన. "తిన్నందుకు కాదు, అబద్ధమాడినందుకు కోపం నాకు. అబద్ధం చెప్పే పిల్లలంటే నాకు పడదు," అన్నాను. బెంగళూరు రోడ్డులో నలుగురూ చూస్తుండగా పాప ఏడ్చింది. ఇంటికి పోయాక కూడా నేను పలకరించలేదు. టీచరు ఇంట్లో పుట్టిన పిల్ల నిజం చెప్పడం నేర్చుకోకపోతే ఎట్లా అని నా భార్యకు అర్ధగంట ఉపన్యాసం ఇచ్చాను. పాప ఆ పూట సరిగా తినకుండా, చెంబెడు నీళ్లు తాగి పడుకుంది.

మరునాడు శనివారం. పరీక్ష పేపర్లు దిద్దాలని నా భార్య ఇంట్లోనే ఉండిపోయింది. నేను పాపను తీసుకుని మా అమ్మ దగ్గరికి పోయాను. దూడను చూస్తే పిల్లకు హుషారు వస్తుందని నా ఆలోచన. పాప దూడ దగ్గరికి పోయింది కానీ ఎక్కువ సేపు నిలబడలేక అరుగు మీద చతికిలబడింది.

ఆదివారం పొద్దున్నే, ఇంకా ఎండ రాకముందే, పాలు పితికి వచ్చిన మా అమ్మ నన్ను లేపింది. "ఇట్ల రా నాయనా, ఒకటి సూపిస్తా," అని కొట్టం వెనక్కు పిలుచుకుపోయింది. బాత్రూం దాకా పోయేలోపు ఆపుకోలేక పాప రెండుసార్లు ఆ గోడ వారనే కూర్చుందట. ఆ తడి ఆరిన చోట నల్లచీమలు. ఒకటీ రెండూ కాదు, గోడ బీటలోంచి బారు కట్టి వచ్చి, అరచేతి మందాన నల్లగా కమ్ముకుని ఉన్నాయి.

"అమ్మణ్ణి ఉచ్చ పోసిన తావ ఇది. సూడు, ఎన్ని చీమలు పట్టినాయో. ఆవుల తావ లేవు, ఈడనే ఉండాయి."

"వాన వస్తాదేమో లేమ్మా. వానకు ముందు చీమలు బైటికి రావా?"

"మబ్బు తునకే లేదు, యాడ వాన? మా నాయనకు ఆఖర్లో ఇట్లనే పట్టేవిరా. సక్కెర జబ్బు అన్నారు. బిడ్డను యాడన్నా సూపించు."

నాకు నవ్వు వచ్చింది. నవ్వాను కూడా. "తాతకు డెబ్బై ఏండ్లమ్మా. పొద్దూ మాపూ బెల్లం కాఫీ తాగి తాగి తెచ్చుకున్నాడు. పదేండ్ల పిల్లకు షుగరేంది? నువ్వు చెప్పినావని ఎవరితోనైనా అంటే నవ్వుతారు. చీమలు చూసి జబ్బు చెప్పే కాలం కాదిది." ఆమె ఎప్పటిలాగా నవ్వలేదు. ఆ చీమల వైపే చూస్తూ నిలబడింది.

షుగరంటే మాకందరికీ పెద్దవాళ్ల జబ్బు. పొట్ట, వయసు, పెండ్లిళ్లలో లడ్లు, వీటితో వచ్చేది. చిన్నపిల్లల్లో క్లోమంలో ఇన్సులిన్ చేసే కణాలే చచ్చిపోయి, తీపి తిన్నా తినకపోయినా వచ్చే రకం ఒకటుందని నేను చదివాను, పరీక్షలో రాశాను, మార్కులు తెచ్చుకున్నాను. అది మా ఇంటి కొట్టం గోడ వారకు వస్తుందని మాత్రం అనుకోలేదు.

పది గంటలకు పాపకు వాంతులు మొదలయ్యాయి. కడుపు నొప్పి అని ముడుచుకుంది. ఊపిరి లోతుగా, గట్టిగా, పరుగెత్తి వచ్చినట్టు తీస్తోంది. పిల్ల మాత్రం మంచం దిగలేదు. ఆటోలో వేసుకుని పుంగనూరుకు తెచ్చాము. ఆదివారం కాబట్టి పెద్ద డాక్టర్లు లేరు. మా అమ్మకు తెలిసిన ఒక ఆరెంపీ తన గదిలో ఉన్నాడు. ఆయన నాడి పట్టుకుని, కనుగుడ్లు చూసి, "ఎందుకైనా మంచిది, రక్తపరీక్ష చేయిద్దాం సార్" అన్నాడు. పాపం, ఆయన అన్నాడు. వినకుండా పోయింది నేను. "పరీక్షలు రేపు చూద్దాం, ముందు ఒక గ్లూకోజు ఎక్కించండి. పిల్ల నీరసంతో పడిపోయింది," అన్నాను.

మా వైపు నీరసానికి ఒకటే మందు. కూలికి పోయే మనిషైనా, కాన్పైన ఆడమనిషైనా, పరీక్ష రాసే పిల్లైనా, "ఒక గ్లూకోజు ఎక్కించుకుంటే లేసి కూసుంటాడు" అంటారు. ఇనుప కడ్డీకి వేలాడే ప్రతి సీసా మాకు గ్లూకోజే. అందులో ఉప్పునీళ్లున్నా దాని పేరు గ్లూకోజే. ఈ విషయం మీద కూడా నేను క్లాసులో పిల్లల్ని నవ్వించేవాణ్ణి. ఆ రోజు మాత్రం నేనడిగింది నిజం గ్లూకోజే. బడి పంతులు అడిగాడు కదా అని ఆయన కట్టాడు.

మా అమ్మ పాప కాళ్ల దగ్గర కూర్చుని సీసా వైపు తలెత్తి చూసింది. "అప్పా, అది తీపిదా, ఉప్పుదా?" అని ఆరెంపీని అడిగింది.

"గ్లూకోజు అమ్మా. నువ్వు ఊరుకో," అన్నాను నేను.

"తీపిదైతే వద్దురా నాయనా. నా మాట ఇను."

"నీకు తెలీదమ్మా, ఊరుకో!"

గదిలో ఉన్న ఇంకో ఇద్దరు రోగులు మా వైపు చూశారు. ఆమె తలవంచుకుని పాప పాదాలు రుద్దుతూ కూర్చుంది. సీసా బొట్టు బొట్టుగా దిగుతోంది. నీరసం తగ్గాల్సిన పిల్ల, కండ్లు మూతలు పడుతుండగా, ఇంకా గట్టిగా ఊపిరి లాగుతోంది. నాకు అప్పుడు భయం వేసింది. నా భార్య చెల్లెలు కుప్పంలో ఒక పెద్దాసుపత్రిలో నర్సు. ఆమెకు ఫోను చేశాను. ఊపిరి సంగతి చెప్పాను. నీళ్లెంత తాగుతోంది, బరువు తగ్గిందా, నోట్లో ఏమన్నా వాసనా అని వరసగా అడిగింది. అన్నిటికీ అవుననే చెప్పాల్సి వచ్చింది. చివర్లో, ఎందుకో, "మా అమ్మ పొద్దున్నుంచి చీమలు చీమలు అని ఒకటే గోల" అన్నాను.

"బావా, ఏం ఎక్కిస్తాండారు?"

"గ్లూకోజు."

"నిజం గ్లూకోజా, సెలైనా? సీసా మీద సదివి చెప్పు."

చదివి చెప్పాను.

"తీసేయమను. ఇప్పుడే తీసేయమను. షుగరు మిషన్ ఉంటే వేలికి గుచ్చి సూడమను."

ఆరెంపీ దగ్గర మిషను ఉంది. పాప వేలికి గుచ్చి, చుక్క రక్తం పట్టీకి తాకించాడు. మిషను అంకె చూపలేదు. అది కొలవగలిగే హద్దు దాటిపోతే "హై" అని రెండు ఇంగ్లీషు అక్షరాలు చూపి ఊరుకుంటుందట. ఆయన మొహం తెల్లబడింది. మా అమ్మ ఆ అక్షరాలు చదవలేదు, నా మొహం చదివింది. ఏమీ అనలేదు. అని ఉంటే నాకు కొంచెం తేలిగ్గా ఉండేదేమో.

కారు మాట్లాడుకుని పలమనేరు మీదుగా కుప్పం బయలుదేరాం. నా భార్య మదనపల్లెలో బస్సెక్కింది. వెనక సీటులో పాప తల మా అమ్మ ఒళ్లో, కాళ్లు నా ఒళ్లో. అద్దాలు మూసి ఉన్నాయి. కారంతా మాగిన జామపండు వాసన.

అప్పుడు అర్థమైంది. కండరాల కణాల్లోకి గ్లూకోజును పోనిచ్చేది ఇన్సులిన్. అది లేకపోతే రక్తం నిండా గ్లూకోజున్నా కణానికి ఆకలే. ఎక్కువైన చక్కెరను మూత్రపిండాలు బైటికి తోస్తాయి, దాంతో పాటు ఒంట్లో నీళ్లూ పోతాయి, అందుకే ఆ దాహం, అందుకే ఆ చీమలు. ఆకలికి తట్టుకోలేక ఒళ్లు తన కొవ్వును తానే కాల్చుకుంటుంది, వంట చెరకు లేక ఇంటి దూలాలు పీకి పొయ్యిలో పెట్టుకున్నట్టు. ఆ మంటలో పుట్టిన ఆమ్లాలు రక్తాన్ని పులియబెడితే, వాటిని వదిలించుకోవడానికి అంత లోతు ఊపిరి. ఆ ఊపిరిలో పండు వాసన. ఇదంతా నాకు ముందే తెలుసు. ముక్కలు ముక్కలుగా, వేరు వేరు పేజీల్లో తెలుసు. నా బిడ్డ నోరు తెరిపించి వాసన చూసిన మనిషిని, ఆ వాసన పేరు అసిటోన్ అని తెలిసిన మనిషిని, దాన్ని జామపండు అన్నాను. అబద్ధం అన్నాను.

కుప్పంలో పిల్లను పట్టుకుని పరుగెత్తారు. ఇన్సులిన్, ఉప్పునీళ్లు రెండు చేతులకూ పెట్టారు. గంట గంటకూ వేలికి గుచ్చారు. మధ్యలో ఒకసారి డాక్టరమ్మ బైటికి వచ్చి, "ఇంకొంచెం ఆలస్యమైతే స్పృహ పోయేది" అని చెప్పింది. ఎవరి వల్ల ఆలస్యమైందో ఆమె అడగలేదు.

సోమవారం పొద్దున తొమ్మిదింటికి లోపలికి రానిచ్చారు. పాప కండ్లు తెరిచి ఉంది కానీ మాట లేదు. అంతలో మా మరదలే వచ్చి పాత సీసా తీసి కొత్తది తగిలించింది. దాని మీద డెక్స్‌ట్రోజ్ అని ఉంది. డెక్స్‌ట్రోజ్ అంటే గ్లూకోజే. నాకు ఒళ్లు మండిపోయింది. "ఏం చేస్తాండావు నువ్వు? నిన్న దీన్నే కదా పీకించింది! మళ్లీ దీన్నే కడతావా? మీరంతా చదువుకున్నోళ్లేనా?" అని వార్డంతా వినపడేలా అరిచాను. అరిస్తే నా తప్పులో కొంత వాళ్ల మీదికి పోతుందని నాలో ఎవడో ఆశపడి ఉంటాడు.

ఆమె చెయ్యి ఆపలేదు. గొట్టం సరిచేసి, చక్రం తిప్పి, బొట్లు లెక్కపెట్టి అప్పుడు తిరిగింది.

"బావా, టమాటా మార్కెట్టు ఎదురుగా పుట్టినదాన్ని, నాకు తెలిసిన మాట చెప్తా. మండీ గేటు మూసుంటే బయట ఎన్ని లారీలు నిలబడినా లోపలోళ్లకు సరుకు రాదు. నిన్న గేటు మూసుండాది, నువ్వు ఇంకో లారీ తెచ్చి నిలబెట్టినావు. రోడ్డంతా జామ్. రాత్రంతా ఇన్సులిన్ పోతాండాది. ఇప్పుడు గేటు తీసుండాది. లారీలు అయిపోవచ్చినాయి. ఇన్సులిన్ ఆపితే ఒంట్లో పులుపు తగ్గదు, ఆపకపోతే సక్కెర మరీ పడిపోతాది. అందుకే ఇది. కణానికి ఇప్పుడు కూడు కావాల. నిన్న వద్దన్నదీ ఇదే, ఈ పొద్దు కావాల్సిందీ ఇదే. నువ్వు పిల్లోళ్లకు చెప్పేది ఈ పాఠమే కదా?"

అవును, ఈ పాఠమే. వార్డు బైట బెంచీ మీద కూర్చుని మొహం చేతుల్లో పెట్టుకున్నాను. మా అమ్మ పక్కన వచ్చి కూర్చుంది. చీమల మాట ఆ రోజు ఎత్తలేదు, ఆ తర్వాతా ఎత్తలేదు. ఆమెకు క్షమాపణ చెప్పాను, ఏడ్చాను కూడా. "నువ్వు మాత్రం కావాలని చేసినావా," అంది. మా భార్యాభర్తల మధ్య ఆ మాటలు ఎన్నో విడతల్లో, ఎంతో చేదుగా జరిగాయి. ఆరెంపీకి ఫోన్ చేసి తప్పు నాదేనని చెప్పాను. అందరికీ చెప్పుకున్నాను, ఒక్కరికి తప్ప.

ఆ తర్వాత మా ఇంట్లో అంకెల రాజ్యం వచ్చింది. రోజుకు నాలుగు ఇంజెక్షన్లు, ఆరేడుసార్లు వేలికి గుచ్చడం. చుట్టాలు వచ్చి, "ఆడపిల్ల, ఎవరికీ చెప్పకండి" అని గుసగుసలాడి పోయేవాళ్లు. వాళ్లను వాకిట్లోనే కడిగి పంపేవాణ్ణి. కానీ పాపకు వాళ్లకన్నా నేనే ఎక్కువ కష్టమయ్యాను. అంకె నూట ఎనభై దాటితే నా మొహం మారిపోయేది. "ఏం తిన్నావు?" అనేవాణ్ణి. భయంతో అనేవాణ్ణి, అయినా వినేవాళ్లకు అది కోపంలాగే వినపడుతుంది. ఒక్కోసారి ఏమీ తినకపోయినా పెరుగుతుంది. జలుబు చేసినా, పరీక్ష భయమైనా, నెలసరి వచ్చినా పెరుగుతుంది. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసీ అదే ప్రశ్న అడిగేవాణ్ణి.

ఈ ఏడాది పాప పదో తరగతి. దసరా సెలవులకు అవ్వ దగ్గరికి పోతానంది. ఐదేండ్లలో మేమిద్దరం పక్కన లేకుండా ఎక్కడా ఉండలేదు. గుండె రాయి చేసుకుని, ఐస్ డబ్బాలో ఇన్సులిన్ పెట్టి పంపాము. రోజూ మూడుసార్లు ఫోన్ చేసేవాణ్ణి. "నూట పది నాన్నా." "నూట ఇరవై ఐదు నాన్నా." "తొంభై ఎనిమిది." అంత చక్కటి అంకెలు ఇంట్లో ఎప్పుడూ రాలేదు. పల్లె గాలి, రాగి సంకటి, అవ్వ చేతి మహిమ అని నా భార్యతో సంబరంగా చెప్పాను. లెక్కల టీచరు కదా, ఆమె మాత్రం, "అంకెలు ఇంత బుద్ధిగా ఉండవండీ," అంది.

ఐదో రోజు తెల్లవారుతుండగా ఫోన్ మోగింది. మా అమ్మ.

"నాయనా, బాత్రూం నీళ్లు బైటికొచ్చే తావ చీమలు పట్టినాయి."

అంతే అంది. నేను ఎందుకు, ఏమిటి అనలేదు. వాన అనలేదు. మొదటి బస్సెక్కాను. బస్సులో కూర్చున్నాక కానీ ఒక సంగతి తట్టలేదు. ఐదేండ్లుగా పాప ఆ ఊరికి పోయిన ప్రతిసారీ మా అమ్మ పొద్దున్నే పోయి ఆ చోటు చూసుకుంటూనే ఉందన్నమాట, ఎవరికీ చెప్పకుండా.

నేను పోయేసరికి పాప దూడ పక్కన నిలబడి ఉంది. నన్ను చూడగానే మొహం పాలిపోయింది. మాట్లాడకుండా మిషను చేతికందుకున్నాను. అందులో పాత అంకెలు దాచి ఉంటాయి. ఇక్కడికి వచ్చినప్పటి నుంచి ఒక్క అంకే లేదు, గుచ్చుకోనే లేదు. రాత్రి వేసుకునే ఇన్సులిన్ ఒక్కటే వేసుకుని, అన్నానికి ముందు వేసుకునేవి వదిలేసింది. నాకు చెప్పిన నూట పది, నూట ఇరవై ఐదు అన్నీ నోటికొచ్చినవే.

గొంతు దాకా వచ్చింది అరుపు. "అబద్ధం" అనే మాట నాలుక మీదే ఉంది. మా అమ్మ కొట్టం గుంజ పట్టుకుని నన్నే చూస్తోంది. మింగేశాను. పాపను అరుగు మీద కూర్చోబెట్టి పక్కన కూర్చున్నాను.

"యాల పాపా, ఎందుకిట్ల చేసినావు?"

దూడ వైపు చూస్తూ చెప్పింది.

"మా మేడం శ్వాసక్రియ పాఠం చెప్పింది నాన్నా. గ్లూకోజు రక్తంలోంచి కణంలోకి పోతాదని ఒక్క ముక్కలో చెప్పేసింది. నాకు నవ్వొచ్చింది. యాల నవ్వినావని నిలబెట్టింది. అందరికీ దానంతటది పోతాది, నాకు మాత్రం రోజుకు నాలుగుసార్లు పొడుసుకుంటే పోతాది. నాలుగు రోజులు అందరి మాదిరి ఉండాలనిపించింది."

"మరి అంకెలు..."

"నిజం చెప్తే 'ఏం తిన్నావు' అంటావు. ఏమీ తినలేదంటే నమ్మవు." నా వైపు తిరిగింది. "నాన్నా, ఆ పొద్దు నేను జామపండు తినలేదు."

ఏ పొద్దు అని నేను అడగలేదు.

"తెలుసు పాపా."

"ఎప్పుడు తెలిసింది?"

"ఆదివారం. కుప్పం పోయే కారులో."

పాప వేళ్ల మీద ఏదో లెక్క వేసుకున్నట్టు చూసుకుంది. ఆ వేళ్ల కొసల నిండా చిన్న చిన్న నల్ల చుక్కలు. "ఐదేండ్లయింది. నాతో చెప్పలేదే," అంది.

అందరికీ చెప్పానని అనబోయాను. ఆరెంపీకి కూడా చెప్పాను. "తప్పయింది పాపా. నువ్వు నిజమే చెప్పినావు, నేనే నమ్మలేదు," అన్నాను. ఇన్నేండ్లుగా నోట్లో పెట్టుకుని తిరిగిన మాట, పలకడానికి ఇంత చిన్నదా అని సిగ్గేసింది.

మా అమ్మ లోపలి నుంచి చెంబుతో నీళ్లు, ఐస్ డబ్బా తెచ్చి మా మధ్య పెట్టి పోయింది. పాప వేలు కడుక్కుంది, తుడుచుకుంది. తనే గుచ్చుకుని, చుక్క రక్తం పట్టీకి తాకించింది. మిషను అయిదు నుంచి ఒకటి దాకా వెనక్కి లెక్కపెట్టింది. ఈసారి నేను తొంగి చూడలేదు.

"మూడు వందల తొంభై ఆరు నాన్నా," అంది, మిషను వైపు కాదు, నా నోటి వైపే చూస్తూ.